పురుగు మేతలోనే ఉంది చిక్కు: కీటకాల పెంపకం ఎందుకు తడబడుతోంది?

ఫ్రాన్స్‌లో 2011లో పుట్టిన ఇన్సెక్ట్ అనే కంపెనీ 60 కోట్ల డాలర్లకు పైగా పెట్టుబడి సమకూర్చుకుంది. మీల్‌వార్మ్ పురుగులను పెంచడానికి ఉత్తర ఫ్రాన్స్‌లోని అమియెన్ దగ్గర భారీ కర్మాగారం కట్టింది. పురుగు ప్రొటీన్ ప్రపంచానికి మేత సమస్య తీరుస్తుందన్న నమ్మకానికి కొన్నేళ్లు అదే చిరునామా. 2024 సెప్టెంబరులో ఆ కంపెనీ అప్పులవాళ్ల నుంచి రక్షణ కోరుతూ కోర్టుకు వెళ్లింది. 2025 డిసెంబరులో దాన్ని మూసివేసి ఆస్తులు అమ్మాలని కోర్టు ఆదేశించింది. కెనడాలో కీచురాళ్ల కర్మాగారం కట్టిన ఆస్పైర్ నిలదొక్కుకోలేకపోయింది. అంతకుముందు దక్షిణాఫ్రికాలో మొదలైన అగ్రిప్రొటీన్‌దీ అదే కథ.

ఈ వార్తలు చదివినవాళ్లలో కొందరు ‘పురుగుల పెంపకమంతా గాలిబుడగ’ అంటున్నారు. మరికొందరు ‘కొత్త రంగంలో కొన్ని సంస్థలు పడిపోవడం మామూలే’ అంటున్నారు. రెండూ సగం సగం నిజాలే. అసలు చిక్కు పురుగులో లేదు, పురుగుకు వేసే మేతలో ఉంది. పర్యావరణానికి మేలు చేసే మేత వ్యాపారానికి కష్టం తెస్తుంది. వ్యాపారానికి సుఖమైన మేత వేస్తే పర్యావరణానికి దక్కే మేలు తగ్గిపోతుంది. ఈ ముడి ఎలా పడిందో చూద్దాం.

ఏ పురుగులు, ఎందుకోసం?

పురుగులను పెంచడం మనకు కొత్త కాదు. హిందూపురం, మదనపల్లె, కుప్పం ప్రాంతాల రైతులు తరతరాలుగా పట్టుపురుగులు పెంచుతున్నారు. తేనెటీగలు, లక్క పురుగులు కూడా పెంపకంలో ఉన్నవే. అయితే అక్కడ కావలసింది పట్టు, తేనె, లక్క. ఇప్పుడు చర్చలో ఉన్న పెంపకంలో పురుగు శరీరమే సరుకు. దాన్ని ఎండబెట్టి, పొడి చేసి, చేపలకూ కోళ్లకూ పెంపుడు కుక్కలకూ మేతగా అమ్ముతారు. కొంత మనుషుల ఆహారంలోకీ వెళుతుంది గానీ, పెట్టుబడుల్లో ఎక్కువ భాగం పశుపక్ష్యాదుల మేత వైపే పోయింది.

ఇందులో ముఖ్యమైనవి మూడు: తవుడు తిని పెరిగే మీల్‌వార్మ్, కీచురాయి, బ్లాక్ సోల్జర్ ఫ్లై అనే నల్ల ఈగ పిల్లపురుగు. ఈ మూడింటిలో మన వాతావరణానికి దగ్గరిది మూడోది.

ఈ ఈగ ఇళ్లలో ముసిరే ఈగ లాంటిది కాదు. పెద్దయ్యాక మేత కోసం వెతుక్కోదు. పిల్లపురుగుగా ఉన్నప్పుడు కూడబెట్టుకున్న కొవ్వుతోనే కొద్దిరోజులు బతికి, గుడ్లు పెట్టి చనిపోతుంది. గుడ్లు పెట్టడానికి పొడిగా ఉన్న ఇరుకు సందు కావాలి. అందుకే పెంపకందార్లు కుళ్లుతున్న మేత మీద, దాన్ని తాకకుండా, చెక్క పలకలను సన్నని ఎడంతో కట్టి ఉంచుతారు. ఆడ ఈగ ఆ సందులో వందల గుడ్లు పెడుతుంది. ఒక గ్రాము గుడ్లు గీరి తీస్తే అందులో దాదాపు 40 వేలుంటాయి. పొదిగాక సుమారు రెండు వారాల్లో పురుగులు కోతకొస్తాయి. నిండుగా పురుగులున్న ట్రేలో చేయి పెడితే వేడి తగులుతుంది. వాటి కదలికకు, జీర్ణక్రియకు పుట్టే వేడితో ట్రే గది కన్నా పది డిగ్రీలు ఎక్కువ కాగడం కూడా ఉంది. ఎండిన పురుగులో సుమారు 40 శాతం ప్రొటీన్, 30 శాతం కొవ్వు. మిగిలిన పెంట ఎరువుగా పనికొస్తుంది.

ఆశ ఎక్కడ పుట్టింది?

2013లో ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ తినదగిన కీటకాలపై ఒక నివేదిక విడుదల చేసింది. ప్రపంచంలో 1,900కు పైగా కీటక జాతులను మనుషులు తింటున్నారని, వీటిని పెంచితే ఆహారానికీ మేతకూ మంచి దారి దొరుకుతుందని అందులో ఉంది. పెట్టుబడిదారుల చూపు పురుగుల మీద పడడానికి అదొక పెద్ద మలుపు.

ఆశకు గట్టి ఆధారం లేకపోలేదు. చేపల, రొయ్యల మేతలో ఫిష్‌మీల్, అంటే చేపలను ఎండబెట్టి చేసే పొడి, కీలకం. ప్రపంచమంతా కలిపి ఏటా తయారయ్యేది సుమారు 50 లక్షల టన్నులు. సముద్రంలో చేపలు పెరగనిదే అది పెరగదు. 2023లో ఎల్ నినో వల్ల పెరూ, ఫిష్‌మీల్‌కు వాడే ఆంచొవెటా చేపల మొదటి వేట సీజన్‌ను రద్దు చేస్తే ప్రపంచమంతటా ఫిష్‌మీల్ ధర ఎగిసింది. సోయా చెక్క చవకే కానీ, దక్షిణ అమెరికాలో సోయా కోసం అడవులు నరికిన చరిత్ర దానికుంది. ఈ రెండింటికీ బదులుగా, కుళ్లే చెత్తను తిని రెండు వారాల్లో ప్రొటీన్‌గా మారే పురుగు దొరికితే ఎవరికి ఆశ పుట్టదు?

పైగా పురుగులు చల్లని రక్తపు జీవులు. ఒంటిని వెచ్చగా ఉంచుకోవడానికి మేతను ఖర్చు చేయవు. మన రొయ్యల రైతులు ఎఫ్‌సీఆర్ అని నిత్యం లెక్కవేసే సంఖ్య ఇక్కడా పనికొస్తుంది. కిలో బరువు పెరగడానికి ఎన్ని కిలోల మేత కావాలో చెప్పే లెక్క అది. కీచురాయికి ఈ సంఖ్య రెండుకు అటూ ఇటూ; గొడ్డుకు దానికి ఎన్నో రెట్లు.

అదే ఎఫ్‌సీఆర్‌లో దాగిన మెలిక

ఆ సంఖ్య ఏ మేత వేసినప్పుడు వచ్చింది? ఎక్కువగా కోళ్ల దాణా లాంటి నాణ్యమైన మేత వేసినప్పుడు. 2015లో కాలిఫోర్నియా పరిశోధకులు ఇద్దరు ఈ విషయాన్నే పరీక్షకు పెట్టారు. కీచురాళ్లను పెద్ద సంఖ్యలో, వ్యాపార స్థాయిలో ఉండేంత రద్దీగా, రకరకాల మేతల మీద పెంచి చూశారు. కోళ్ల దాణా వేసినప్పుడు చక్కగా పెరిగాయి. కానీ మేతలోని ప్రొటీన్‌ను శరీరంలోకి మార్చుకోవడంలో కోడి కన్నా పెద్దగా మెరుగనిపించలేదు. శుద్ధి చేయని ఆహార వ్యర్థాల మీద పెంచినవి మాత్రం కోతకు రాకముందే దాదాపు అన్నీ చచ్చిపోయాయి.

నా దృష్టిలో ఈ రంగం మొత్తాన్ని అర్థం చేసుకోవడానికి ఈ ఒక్క ప్రయోగం చాలు. మంచి మేత వేస్తే పురుగు మరో కోడి అవుతుంది. చెత్త వేస్తే అది బతకాలి కదా!

బ్లాక్ సోల్జర్ ఫ్లై పురుగు ఈ విషయంలో కీచురాయి కన్నా చాలా గట్టిది. వంటింటి చెత్త మీద, పెంట మీద కూడా బతుకుతుంది. కానీ చెత్త రోజుకొకలా ఉంటుంది. ఒకరోజు అన్నం ఎక్కువ, మరోరోజు పుచ్చకాయ తొక్కలు. నీరు ఎక్కువైతే పురుగులు ట్రే నుంచి పారిపోతాయి. మేత మారితే కోత తేదీ మారుతుంది, ప్రొటీన్ శాతం మారుతుంది. మేత కర్మాగారాలకు మాత్రం ప్రతి బస్తా ఒకేలా ఉండాలి. అందుకని పెద్ద కంపెనీలు చెత్తను వదిలి గోధుమ తవుడు, స్టార్చి కర్మాగారాల ఉప ఉత్పత్తులు, కూరగాయల ఫ్యాక్టరీల శుభ్రమైన మిగులు వైపు మళ్లాయి.

ఐరోపాలో చట్టం కూడా అటే నెట్టింది. పిచ్చి ఆవు వ్యాధి దెబ్బ తర్వాత 2001లో వచ్చిన కఠిన నిబంధనల చట్రంలో, మేత కోసం పెంచే పురుగు కూడా పెంపుడు జంతువే. ఆవుకు పెట్టకూడనిది పురుగుకూ పెట్టకూడదు: హోటల్ ఎంగిలి, పెంట, కబేళా వ్యర్థాలు అన్నీ నిషిద్ధం. పురుగు ప్రొటీన్‌ను చేపల మేతలో 2017లో, కోళ్ల, పందుల మేతలో 2021లో అనుమతించారు గానీ, పురుగు ఏం తినాలన్న షరతు సడలలేదు. ఆ షరతు వెనుక ఉన్న భయం న్యాయమైనదే. వ్యాధి ఒక జీవి నుంచి మరో జీవికి మేత ద్వారా పాకడం ఐరోపా చవిచూసింది. ఫలితం మాత్రం ఒకటే: చెత్తను ప్రొటీన్‌గా మారుస్తామన్న వాగ్దానం, జంతువులు అప్పటికే తింటున్న మేతను పురుగులకు వేయడంగా మారింది.

కొల్లేరు చెరువు గట్టు మీద ఇదే ప్రశ్న

ఇది పరదేశపు సంగతిలా అనిపిస్తే కైకలూరు వైపు చూడండి. అక్కడి చెరువుల్లో బొచ్చె, శీలావతి చేపలకు ప్రధాన మేత డీఓబీ, అంటే నూనె తీసిన తవుడు. చిల్లులు పెట్టిన బస్తాల్లో నింపి, చెరువులో పాతిన కర్రలకు వేలాడదీస్తారు. చేపలు వచ్చి చిల్లుల దగ్గర పొడుచుకుని తింటాయి. ఇప్పుడు ఎవరైనా అదే డీఓబీని పురుగులకు వేసి, ఆ పురుగులను ఎండబెట్టి, పొడి చేసి, చేపలకు వేస్తామంటే ఏమవుతుంది? చేప నేరుగా తినగలిగిన మేతకూ చేపకూ మధ్య మరో జీవిని పెట్టినట్టవుతుంది. ఆ జీవి ఊపిరికీ కదలికకూ మేతలో కొంత కరిగిపోతుంది. ప్రొటీన్ నాణ్యత పెరుగుతుంది, నిజమే. రొయ్య లాంటి జీవికి ఆ నాణ్యత అవసరమే. కానీ తవుడు ధర పెరుగుతుంది, పాడి రైతూ చేపల రైతూ దాని కోసం పురుగుల కంపెనీతో పోటీ పడతారు.

అందుకే దేన్నయినా వ్యర్థం అనే ముందు ‘ఇప్పుడు దాన్ని ఎవరు వాడుకుంటున్నారు?’ అని అడగాలి. మార్కెట్‌లో ధర పలికేది ఏదీ వ్యర్థం కాదు.

పది టన్నుల చెత్త లెక్క

నిజమైన వ్యర్థంతోనే పెంచితే డబ్బు లెక్క ఎలా ఉంటుందో ఒక ఊహా యూనిట్‌తో చూద్దాం. అంకెలు ఉజ్జాయింపువే.

రోజుకు 10 టన్నుల తడి వంటింటి చెత్త వస్తుందనుకుందాం. బ్లాక్ సోల్జర్ ఫ్లై పురుగులు దాన్ని తింటే ఐదో వంతు, అంటే 2 టన్నుల బతికున్న పురుగు దొరుకుతుంది. అందులో మూడింట రెండు వంతులకు పైగా నీరే. ఎండబెడితే మిగిలేది 600 కిలోలు. అంటే 1,400 లీటర్ల నీటిని ఆవిరి చేయాలి.

లీటరు నీటిని ఆవిరి చేయడానికి కనీసం 0.63 యూనిట్ల శక్తి కావాలి. ఇది భౌతిక శాస్త్రం పెట్టిన హద్దు. యంత్రాల్లో వృథాను కలిపి లీటరుకు ఒక యూనిట్ అనుకుంటే రోజుకు 1,400 యూనిట్లు. యూనిట్ 7 రూపాయల చొప్పున 9,800 రూపాయలు. ఇది ఎండబెట్టడానికే.

వచ్చిన 600 కిలోలను సోయా చెక్క ధరతో పోటీపడి కిలో 45 రూపాయలకు అమ్మితే 27,000 వస్తాయి. మూడో వంతుకు పైగా కరెంటే తినేసింది. చెత్త సేకరణ, వేరు చేసే కూలి, ఈగల గది, ట్రేలు, అప్పు మీద వడ్డీ ఇంకా మిగిలే ఉన్నాయి. ఫిష్‌మీల్‌తో సమానంగా కిలో 110 పలికితే 66,000; అప్పుడు ఊపిరాడుతుంది. ఎరువు అమ్మకం, చెత్త తీసుకున్నందుకు పురపాలక సంస్థ చెల్లించే రుసుము తోడైతే లెక్క కుదరవచ్చు. వీటిలో ఒకటి తప్పినా కుదరదు.

ఇక్కడ మరో పోటీదారు ఉన్నాడు. హైదరాబాద్ బోయిన్‌పల్లి కూరగాయల మార్కెట్‌లోనూ రోజుకు సుమారు 10 టన్నుల వ్యర్థాలు వస్తాయి. భారతీయ రసాయన సాంకేతిక సంస్థ పరిజ్ఞానంతో అక్కడ కట్టిన బయోగ్యాస్ ప్లాంటు వాటి నుంచి రోజుకు 500 యూనిట్ల వరకు విద్యుత్తు తీస్తుంది. కూరగాయల తుక్కులో నీరు ఎక్కువ, ప్రొటీన్ తక్కువ కాబట్టి పురుగుల దిగుబడి మన ఊహా యూనిట్ కన్నా తగ్గుతుంది. ఆ చెత్తను ఎటు పంపడం మేలన్నది పురుగుల గొప్పతనాన్ని బట్టి తేలదు. కరెంటు, ఎరువు, మేత, ఈ మూడింటికీ ఆ ఊళ్లో ఉన్న గిరాకీని బట్టి తేలుతుంది.

చలిదేశంలో వేడి, వేడిదేశంలో చలువ

బ్లాక్ సోల్జర్ ఫ్లై పురుగులకు 27 నుంచి 30 డిగ్రీలు హాయి. పెద్ద ఈగలు జతకట్టాలంటే మంచి వెలుతురు కావాలి. ఉత్తర ఐరోపా చలికాలంలో ఈ రెండూ డబ్బుతో కొనుక్కోవాలి. ఇన్నోవాఫీడ్ అనే మరో ఫ్రెంచ్ కంపెనీ ఈ సంగతి ముందే గ్రహించి, నెల్ అనే ఊళ్లో తెరియోస్ స్టార్చి కర్మాగారం పక్కనే తన యూనిట్ కట్టింది. తడి మేత గొట్టంలోనే వస్తుంది; దగ్గరలోని విద్యుత్ కేంద్రం వదిలేసే వేడి పురుగుల గదులకు చేరుతుంది. ఇలా ఆధారపడడంలో ఇబ్బంది ఏమిటంటే, అలాంటి చోట్లు ఎన్నో ఉండవు.

మన దగ్గర వేడి ఉచితం. థాయ్‌లాండ్‌లో వేల మంది చిన్న రైతులు ఇటుక తొట్లలో కీచురాళ్లు పెంచి బతుకుతున్నారంటే అక్కడి వాతావరణమూ, తినే అలవాటూ కలిసిరావడం వల్లే. అయితే మే నెలలో రామగుండంలో 45 డిగ్రీలు దాటితే ట్రేలో సొంత వేడి కూడా కలిసి పురుగులు ఉడికిపోతాయి. ఎండలో ఎండబెట్టుకోవచ్చు అనుకుంటే గోదావరి డెల్టా వానాకాలం తేమ అడ్డొస్తుంది. సరిగా ఎండని కొవ్వు పురుగుకు ముక్కిపోయిన వాసన వస్తుంది, బూజు పడుతుంది.

పర్యావరణ లెక్క: దేనితో పోల్చారు?

ఒక వస్తువు తయారీ మొదలు వాడకం వరకు నేల, నీరు, శక్తి ఎంత ఖర్చయ్యాయో, ఎన్ని వాయువులు వెలువడ్డాయో కట్టే లెక్కను జీవితచక్ర మదింపు అంటారు. 2012లో నెదర్లాండ్స్ పరిశోధకులు మీల్‌వార్మ్ మీద ఇలాంటి లెక్క కట్టారు. కిలో ప్రొటీన్‌కు కావలసిన భూమి, వెలువడే గ్రీన్‌హౌస్ వాయువులు పాలు, కోడి, పంది, గొడ్డు మాంసాలన్నింటి కన్నా తక్కువని తేలింది. శక్తి వాడకం మాత్రం పాలు, కోడి మాంసం కన్నా ఎక్కువే.

ఆ తర్వాత బ్రిటన్ పర్యావరణ శాఖ కోసం జరిగిన మరో మదింపులో పురుగుల పొడి వాతావరణ భారం సోయా చెక్క భారానికి అనేక రెట్లని తేలింది. ఈ రెండూ పరస్పరం విరుద్ధం కావు. మొదటిదాంట్లో పురుగును మాంసంతో పోల్చారు, రెండోదాంట్లో మేతతో. మనిషి గొడ్డు మాంసం మాని పురుగు తింటే లాభం ఖాయం. కానీ కంపెనీలు అమ్మింది చేపల మేత కర్మాగారానికి. అక్కడ ఎదురుగా ఉన్నది సోయా చెక్క. గొడ్డు మాంసంతో పోలిక చూపించి పెట్టుబడి తెచ్చుకుని, సోయాతో పోటీకి దిగడం ఈ రంగంలో జరిగిన అతి పెద్ద పొరపాటు అని నా అభిప్రాయం.

పురుగు తినకపోతే ఆ చెత్త ఎక్కడికి పోయేదన్నది కూడా లెక్కను తారుమారు చేస్తుంది. జవహర్‌నగర్ లాంటి డంపింగ్ యార్డులో గుట్టగా కుళ్లి మీథేన్ వదిలే చెత్తను పురుగు తింటే మేలు పెద్దది. అదే చెత్త బయోగ్యాస్‌కో, పందుల మేతకో వెళ్తుంటే మేలు చిన్నది.

మన నగరాల్లో ఇంకో అడ్డంకి ఉంది. తడి చెత్తలో ప్లాస్టిక్, బ్యాటరీలు, రంగు డబ్బాలు కలిసిపోతాయి. బ్లాక్ సోల్జర్ ఫ్లై పురుగు ఒంట్లో కాడ్మియం పోగవుతుంది. ఆ పురుగును తిన్న చేప, ఆ చేపను తిన్న మనిషి వరకు ఆ గొలుసు సాగవచ్చు. ఇంట్లో చెత్త వేరు చేయనంత కాలం పురుగుల కర్మాగారానికి శుభ్రమైన చెత్త దొరకదు.

కిక్కిరిసిన చోట తెగులు

ఒకే జాతిని లక్షల్లో ఒకేచోట పెంచితే తెగులు కాచుకుని ఉంటుంది. అమెరికాలో అనేక కీచురాళ్ల ఫారాలను 2009, 2010 ప్రాంతాల్లో డెన్సోవైరస్ తుడిచిపెట్టింది. పట్టు రైతులకు ఇది కొత్తగా చెప్పాల్సిన పనిలేదు. 1865లో లూయీ పాశ్చర్ ఫ్రాన్స్‌లో అలెస్ ప్రాంతానికి వెళ్లి పట్టుపురుగుల పెబ్రిన్ తెగులు మీద ఏళ్లపాటు పనిచేశాడు. గుడ్లు పెట్టిన తల్లి రెక్కల పురుగును (మాత్) సూక్ష్మదర్శినిలో పరీక్షించి, తెగులున్న గుడ్లను పారేసే పద్ధతి అప్పుడే వచ్చింది. ఇప్పటికీ పట్టుగుడ్ల కేంద్రాల్లో ఆ పరీక్షే ప్రాణం. కొత్త పంట వేసే ముందు రైతు షెడ్డు కడిగి, బ్లీచింగ్ పౌడరు చల్లి, సున్నం వేసి, ఊజి ఈగ దూరకుండా కిటికీలకు వల బిగిస్తాడు. కొత్త పురుగుల రంగానికి ఇంత అనుభవం ఇంకా లేదు.

పెంపకంలో చంపే పురుగులకు నొప్పి తెలుస్తుందా అన్న ప్రశ్న కూడా చర్చలో ఉంది. ఏటా లక్ష కోట్ల సంఖ్యలో ప్రాణులకు సంబంధించిన విషయం కాబట్టి దాన్ని తోసిపుచ్చలేం. దానిపై శాస్త్రం ఇంకా తీర్పు చెప్పలేదు.

ఇంకా నమ్ముతున్నవాళ్ల వాదన

2021లో నెదర్లాండ్స్‌కు చెందిన రాబోబ్యాంకు విశ్లేషకులు పురుగు ప్రొటీన్ టన్ను ధర 3,500 నుంచి 5,500 యూరోలుందని, ఏటా పదివేల టన్నుల దగ్గరున్న మార్కెట్ 2030 నాటికి 5 లక్షల టన్నులకు చేరవచ్చని అంచనా వేశారు. ఫిష్‌మీల్ కన్నా చాలా ఎక్కువ ధర అది. రంగాన్ని సమర్థించేవాళ్లు సౌర విద్యుత్తును గుర్తుచేస్తారు: అదీ మొదట్లో ఖరీదైనదే, పరిమాణం పెరిగాక చవకైంది. కానీ సౌరఫలకం ఎండను కొనదు. పురుగు రోజూ మేత తింటుంది, మేతకు ధర ఉంది. కర్మాగారం పెద్దదయ్యేకొద్దీ మేత ఇంకా దూరం నుంచి రావాలి. అందుకే ఆ పోలిక నాకు నిలబడేదిగా కనిపించదు.

వాళ్ల రెండో వాదన బలమైనది. పురుగుల కొవ్వులోని లారిక్ ఆమ్లం, చర్మంలోని కైటిన్, సూక్ష్మజీవులను అణిచే పెప్టైడ్‌లు రొయ్యకూ కోడిపిల్లకూ రోగనిరోధక శక్తినిస్తాయంటారు. అదే నిజమైతే పురుగుల పొడిని సోయాకు బదులుగా బస్తాల్లో కాక, మందులా కొద్ది శాతంలో వాడవచ్చు. అప్పుడు ఎక్కువ ధర చెల్లుతుంది. ఇన్సెక్ట్ కంపెనీ 2023లో పెంపుడు జంతువుల ఆహారం వైపు తిరగడం కూడా ఎక్కువ ధర పెట్టే కొనుగోలుదారు కోసమే. ఆలస్యంగా తిరిగింది, అప్పటికే భారీ కర్మాగారం మెడకు చుట్టుకుంది.

భీమవరం, హిందూపురం కలిసే చోటు

తెలుగువాళ్లకు ఇందులో నేరుగా పని ఉంది. దేశంలో పెంచే రొయ్యల్లో అత్యధిక భాగం ఆంధ్రప్రదేశ్‌దే. వనామీ రొయ్యల రైతు ఖర్చులో సగానికి పైగా మేతకే పోతుంది. ఇక్కడే పట్టు ప్యూపా గుర్తుకొస్తుంది. గూళ్లను వేడినీళ్లలో వేసి దారం తీశాక మిగిలే పురుగు అది. రీలింగ్ షెడ్ల వెనుక దాని ఘాటు వాసన దూరానికే తెలుస్తుంది. బెంగళూరులో లూప్‌వార్మ్ అనే సంస్థ ఈ ప్యూపా నుంచి మేత పదార్థాలు తయారుచేస్తోంది. ఇందుకోసం ప్రత్యేకంగా ఏ పురుగునూ పెంచనక్కరలేదు. మల్బరీ ఆకు ఖర్చును పట్టు అప్పటికే మోసింది.

ఎంత దొరుకుతుంది? కిలో ముడిపట్టుకు సుమారు 2 కిలోల ఎండు ప్యూపా వస్తుంది. దేశంలో ఏటా తయారయ్యే మల్బరీ పట్టు 30 వేల టన్నుల దగ్గర. అంటే 60 వేల టన్నుల ఎండు ప్యూపా. రొయ్యల మేత దేశంలో ఏటా 10 లక్షల టన్నులకు పైగా వాడుతున్నారు. అందులో పది శాతం పురుగుల పొడి కలపాలన్నా లక్ష టన్నులు కావాలి. ఉన్న ప్యూపా మొత్తం తెచ్చినా చాలదు. పైగా అందులో చాలా భాగం ఇప్పటికే నూనె తీయడానికీ, కోళ్ల, చేపల దాణాలోకీ అమ్ముడవుతోంది. రొయ్యల మేత కంపెనీ ఎక్కువ ధర పెట్టి కొంటే రీలర్‌కు లాభం. కోళ్ల దాణా తయారీదారు ఆ లోటును మళ్లీ సోయా చెక్కతోనో ఎండుచేపతోనో పూడ్చుకుంటాడు.